మీరడిగారు: ఒక్కో దేశంలో సైరన్ ఒక్కోలా ఎందుకు మోగుతుంది?

పోయిన సంచికలో చెవి గురించి రాసిన జవాబు చదివి కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సైరన్ల గురించే ఉన్నాయి. విడివిడిగా రెండు రెండు వాక్యాల్లో జవాబిచ్చి వదిలేయడం ఇష్టం లేక, ఐదు ఉత్తరాలు ఏరి మొత్తం శీర్షిక వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను రకరకాల దేశాల వీడియోలు చూస్తుంటాను. అమెరికా అంబులెన్స్ ఊళ వేసినట్టు సాగదీసి మోగుతుంది. జర్మనీలో రెండే స్వరాలు, గట్టిగా, మార్చి మార్చి. జపాన్‌లో అయితే బొమ్మ మోగినట్టు మెత్తగా ఉంటుంది. ప్రాణం ఎక్కడైనా ప్రాణమే కదా, అన్ని దేశాలూ కలిసి ఒకే సైరన్ ఎందుకు పెట్టుకోలేదు? (ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: సైరన్లు బండ్ల మీదికి ఎక్కిన రోజుల్లో ఆ పని ఒక్కో దేశంలో ఒక్కో రకం పనివాళ్ల చేతికి వెళ్లింది. ఒకచోట మోటార్లు చేసేవాళ్లకి, ఇంకోచోట బాకాలు చేసేవాళ్లకి. వాళ్ల దగ్గరున్న వస్తువు ఏ శబ్దం చేయగలదో అదే ఆ దేశపు సైరన్ అయి కూర్చుంది. తర్వాత జనం చెవులు దానికి అలవాటు పడ్డాయి, ప్రభుత్వాలు దాన్నే నిబంధనల్లో రాసుకున్నాయి, ఇక కదపడం కష్టమైపోయింది.

అమెరికా ఊళ సంగతి చూడండి. పాతకాలపు మోటారు సైరన్‌లో ఒక డ్రమ్ము ఉంటుంది, దానికి చుట్టూ చీలికలు. ఆ డ్రమ్ము బయట కదలని తొడుగు, దానికీ అలాంటి చీలికలే. డ్రమ్ము గిర్రున తిరుగుతుంటే చీలికలు ఎదురుపడినప్పుడల్లా గాలి బయటికి తన్నుకొస్తుంది, తప్పుకోగానే ఆగుతుంది. సెకనుకి ఐదు వందల సార్లు అలా తెగి తెగి వస్తే అది 500 హెర్ట్జ్ స్వరం. బటన్ నొక్కగానే అంత బరువైన డ్రమ్ము ఒక్కసారిగా వేగం అందుకోలేదు కాబట్టి స్వరం కింద మొదలై మెల్లగా పైకి పాకుతుంది, బటన్ వదిలేశాక కూడా డ్రమ్ము వెంటనే ఆగదు కాబట్టి అంతే మెల్లగా కిందికి జారుతుంది. మనకి అంత గుబులు పుట్టించే ఆ ఎక్కుడు దిగుడు ఎవరూ కూర్చుని కట్టిన బాణీ కాదు, ఇనుము బరువు వల్ల దానంతట అదే వచ్చింది. 1960ల్లో ఎలక్ట్రానిక్ సైరన్లు వచ్చాక స్పీకర్‌తో ఏ శబ్దమైనా చేయొచ్చు, కోడి కూతైనా పెట్టొచ్చు. అయినా తయారీదారులు ఆ పాత ఊళనే అనుకరించారు, ఎందుకంటే జనానికి ‘తప్పుకోండి’ అంటే అదే. దాన్ని అక్కడ ‘వెయిల్’ అంటారు, నిమిషానికి 10 నుంచి 30 సార్లు ఎక్కి దిగుతుంది. అదే ఊళని నిమిషానికి 150 నుంచి 250 సార్లు వేగంగా తిప్పితే ‘యెల్ప్’. కూడలి దగ్గరికి రాగానే డ్రైవర్లు వెయిల్ నుంచి యెల్ప్‌కి మారుస్తారు, అప్పటిదాకా పట్టించుకోని చెవి కూడా ఆ మార్పుకి ఉలిక్కిపడుతుంది.

జర్మనీ కథ వేరు. అక్కడ 1932లో ఈ హారన్‌ని తయారు చేసింది మాక్స్ మార్టిన్ సంస్థ. వాళ్లు సిగ్నల్ బాకాలు చేసే పనివాళ్లు. బాకాలోకి గాలి ఊదితే ఒకే స్వరం వస్తుంది, అది ఎక్కలేదు, దిగలేదు. ఒకే స్వరం అయితే మామూలు హారన్‌కీ దీనికీ తేడా తెలియదు కాబట్టి రెండు స్వరాల బాకాలు పెట్టి, వాటిలోకి మార్చి మార్చి గాలి వదిలారు. పిల్లలు దాన్ని ‘తాతూ-తాతా’ అంటారు, పెద్దలు ఇప్పటికీ ఆ సంస్థ పేరుతో ‘మార్టిన్స్‌హార్న్’ అనే అంటారు. ఆ రెండు స్వరాలు ఎంత దూరంలో ఉండాలో కూడా అక్కడి ప్రమాణాల్లో ఉంది: డీఐఎన్ 14610 ప్రకారం రెండింటి నిష్పత్తి 1కి 1.333, కింది స్వరం 360 నుంచి 630 హెర్ట్జ్ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

సంగీతం కాస్తయినా నేర్చుకున్నవాళ్లు ఈ లెక్క దగ్గర ఆగి ఉంటారు. 1కి 1.333 అంటే షడ్జమం నుంచి శుద్ధ మధ్యమం. జర్మనీ అంతటా అత్యవసర వాహనాలు ‘స-మ, స-మ’ అని పాడుకుంటూ పోతున్నాయన్నమాట.

ఇక ఫ్రాన్స్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు అదే, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. అక్కడ ఒక్కో శాఖకి ఒక్కో జత. కింది స్వరం దాదాపు అందరికీ ఒకటే, 435 హెర్ట్జ్. పై స్వరం మాత్రం మారుతుంది. పోలీసులది 580, అంటే స-మ, జర్మనీ వాళ్ల జతే. ఫైరింజన్‌ది 488, అంటే స-రి, పక్కపక్క మెట్లు. అక్కడి పిల్లలు ‘పిన్-పోన్’ అనేది దీన్నే. ఆసుపత్రి నుంచి డాక్టర్‌ని ఎక్కించుకుని బయల్దేరే బండిది 651, స-ప. జాందార్మరీ అని సైన్యానికి అనుబంధంగా ఉండే పోలీసు దళం ఒకటుంది, వాళ్లది 732, స-ధ. మీ చెవికి స్వరజ్ఞానం ఉంటే కిటికీ తీయకుండానే వీధిలో పోతున్నది ఎవరో చెప్పగలరు. హార్మోనియం గానీ కీబోర్డ్ యాప్ గానీ ఉంటే ఈ నాలుగు జతలూ ఒకసారి వాయించి చూడండి. ఫైరింజన్ జత ఎంత బిగువుగా వినిపిస్తుందో, స-ప ఎంత విశాలంగా వినిపిస్తుందో మీకే తెలుస్తుంది.

మరి అంతర్జాతీయ ఒప్పందం ఏదీ లేదా అంటే, ఉంది. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలో, ప్రత్యేకమైన లైటుతో, శబ్దంతో అత్యవసర వాహనం వస్తోందని తెలిస్తే దారి ఇవ్వాలని స్పష్టంగా రాశారు. ఆ శబ్దం ఎలా ఉండాలన్నది మాత్రం దేశాలకే వదిలేశారు. లైట్ల విషయంలోనూ చరిత్ర పెత్తనమే ఎక్కువ. జర్మనీలో నీలం లైటు 1938లో వచ్చింది, విమాన దాడుల భయంతో రాత్రిళ్లు దీపాలు ఆర్పేసే ఏర్పాట్లలో భాగంగా, పైనుంచి చూసేవాళ్లకి నీలం త్వరగా ఆనదని. ఆ కారణం ఎప్పుడో పోయింది, నీలం మిగిలింది.

ప్రశ్న: అలవాటు వల్లే ఇన్ని రకాలు ఉన్నాయంటే, అన్నిటికన్నా బాగా వినపడేది ఏదో పరీక్షించి తేల్చి అందరూ దానికి మారిపోవచ్చుగా? (రిటైరైన లెక్కల మాస్టారు)

జవాబు: మాస్టారూ, లెక్క ప్రకారం మీరన్నది సబబే. కానీ సైరన్ పని సగమే చెవిలో జరుగుతుంది, మిగతా సగం బుర్రలో.

ముందు మొదటి సగం లెక్క చూద్దాం. శబ్దం గట్టిదనాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు, దూరం రెట్టింపైన ప్రతిసారీ అది 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 3 మీటర్ల దగ్గర 120 ఉంటే, 6 మీటర్ల దగ్గర 114, 12 దగ్గర 108, అలా పోతూ పోతూ 96 మీటర్లకి వచ్చేసరికి 90. అద్దాలు బిగించిన కారు అందులో ఇంకో 20, 30 మింగేస్తుంది. అంటే వంద మీటర్ల దూరంలో అంబులెన్స్ ఉన్నప్పుడు లోపల కూర్చున్న మనిషికి అందేది మామూలు మాటలంత శబ్దం, దాని మీద ఏసీ, పాటలు, చక్రాల రొద. పోనీ ఇంకా గట్టిగా మోగిద్దామంటే పక్కన నడిచేవాళ్ల చెవులు, బండిలో రోజంతా కూర్చునే సిబ్బంది చెవులు పాడవుతాయి. కాబట్టి గట్టిదనం ఒక హద్దు దాటి పెంచలేం. అక్కణ్ణించి సైరన్‌ని కాపాడేది గుర్తింపు ఒక్కటే. రణగొణ ధ్వనిలో కూడా మన పేరు ఎవరైనా పిలిస్తే చటుక్కున తల తిప్పుతాం చూడండి, అలాగే చిన్నప్పటి నుంచి విన్న సైరన్ ఎంత సన్నగా వినపడినా మెదడు పట్టేస్తుంది. కొత్త శబ్దం ఎంత శాస్త్రీయంగా తయారు చేసినా దానికి ఆ వసతి ఉండదు, జనం నేర్చుకునేదాకా.

అసలు ఒకే శబ్దానికి రెండు చోట్ల రెండు అర్థాలు ఎలా వస్తాయో కాలిఫోర్నియాలో చూడొచ్చు. అమెరికాలో రెండు స్వరాల సైరన్‌ని ‘హై-లో’ అంటారు. బండ్లలో ఆ మీట ఎప్పటినుంచో ఉన్నా వాడకం చాలా తక్కువ, జనానికి పెద్దగా పరిచయం లేదు. ఊళ్లకి ఊళ్లు తగలబడిపోయిన 2017 కార్చిచ్చుల తర్వాత అక్కడి అధికారులు ఆలోచించారు: మామూలు సైరన్ వేసుకుని వీధుల్లో తిరిగితే జనం పోలీసులు ఎవరినో తరుముతున్నారు అనుకుంటారు, అందుకని ఎవరికీ అలవాటు లేని హై-లోని ‘ఇల్లు వదిలి వెళ్లిపోండి’ అనడానికి వాడదాం అని. 2020లో దానికి చట్టం కూడా చేశారు. ఇప్పుడు పారిస్‌లో ఒకాయనకి రోజుకి పదిసార్లు వినపడి పట్టనట్టు ఉండే రెండు స్వరాలు, కాలిఫోర్నియాలో ఒకావిడకి పిల్లల్ని, కాగితాలని పట్టుకుని కారెక్కమని చెబుతాయి.

న్యూయార్క్‌లో ఇంకో రకం గొడవ. ఆ ఊళ నిద్ర పోనివ్వడం లేదని జనం మొత్తుకుంటుంటే, 2019లో హెలెన్ రోసెంథాల్, కార్లీనా రివేరా అనే ఇద్దరు సిటీ కౌన్సిల్ సభ్యులు యూరప్ తరహా హై-లోకి మారుద్దామని బిల్లు పెట్టారు. అది చెవిని అంతగా కోయదని వాళ్ల వాదన. దానికి కొందరి నుంచి వచ్చిన అభ్యంతరం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. ఆ శబ్దం వింటే నాజీల కాలపు సినిమాలు గుర్తొస్తాయి అన్నారు వాళ్లు. సైరన్ మార్చడమంటే స్పీకర్ మార్చడం అనుకుంటాం, జనం జ్ఞాపకాలు కూడా దానికి అంటుకుని ఉంటాయి.

అలాగని మారనే మారవని కాదు. బ్రిటన్ ఒక్క మనిషి జీవితకాలంలో రెండుసార్లు మారింది. మొదట గంటలు కొట్టుకుంటూ పోయేవారు. 1960ల్లో రెండు స్వరాల హారన్లు వచ్చాయి, వాటికి పిల్లలు ‘నీ-నా’ అని పేరు పెట్టారు. ఆ తర్వాత అమెరికా తరహా వెయిల్, యెల్ప్ వచ్చేశాయి. ఇప్పుడు వీధిలో ‘నీ-నా’ అరుదు. అయినా అక్కడి రెండేళ్ల పిల్లలు బొమ్మ ఫైరింజన్ తోస్తూ ‘నీ-నా, నీ-నా’ అనే అంటారు, తాతలు నేర్పిన మాట అది. మన పిల్లలు ‘కుయ్ కుయ్’ అన్నట్టు, డెన్మార్క్ పిల్లలు ‘బాబూ-బాబూ’ అన్నట్టు.

ప్రశ్న: కారు నడుపుతుంటే సైరన్ వినపడుతుంది కానీ ముందు నుంచా, వెనక నుంచా, ఏ పక్క నుంచో అర్థం కాదు. చాలా టెన్షన్ వచ్చేస్తుంది, ఒకసారి తప్పుకోబోయి దానికే అడ్డం వెళ్లాను. నా చెవుల్లో లోపం ఉందా? (కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న గృహిణి)

జవాబు: మీ చెవులు బాగానే ఉన్నాయమ్మా. ఆ తప్పు చాలావరకు సైరన్‌దే. నాకూ ఎన్నోసార్లు ఇలాగే అయింది, అద్దంలో చూసేదాకా పక్కనే ఉందని తెలియలేదు.

శబ్దం ఎటునుంచి వస్తోందో మెదడు మూడు ఆధారాలతో తేలుస్తుంది. మొదటిది సమయం. ఎడమ పక్క నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి ముందు తాకి, తలని చుట్టుకుని కుడి చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో పదివేల వంతులు ఆరో ఏడో, అంతకు మించదు. అయినా మెదడు దాన్ని పట్టుకుంటుంది, ఎప్పుడు తలచుకున్నా నాకు ఆశ్చర్యమే. ఈ కిటుకు కింది స్వరాలకి బాగా పనిచేస్తుంది, సుమారు 1500 హెర్ట్జ్ దాటాక అలలు మరీ దగ్గరదగ్గరగా రావడంతో ఏ అలకి ఏ అల జతో తెలియక తికమక పడుతుంది. రెండో ఆధారం గట్టిదనం. పై స్వరాలని తల అడ్డుకుంటుంది కాబట్టి అవతలి చెవికి తక్కువ వినపడుతుంది. ఇది మరీ పై స్వరాలకి బాగా పనిచేస్తుంది. ఈ రెండింటికీ మధ్య, అంటే దాదాపు 1000 నుంచి 3000 హెర్ట్జ్ దాకా, రెండు ఆధారాలూ బలహీనమే. ఊళ వేసే సైరన్ సుమారు 500, 1800 మధ్య తిరుగుతూ సగం సమయం సరిగ్గా ఆ గుడ్డి ప్రాంతంలోనే గడుపుతుంది.

ఇక ముందా, వెనకా అన్నది ఇంకా కష్టం. ముందు నుంచి వచ్చినా వెనక నుంచి వచ్చినా రెండు చెవులకీ ఒకేసారి, ఒకే గట్టిదనంతో అందుతుంది. అప్పుడు ఆదుకునేది మూడో ఆధారం, మన చెవి డొప్పలోని మడతలు. అవి ముందు నుంచి వచ్చే శబ్దాన్ని ఒకలా, వెనక నుంచి వచ్చేదాన్ని ఇంకోలా వడకడతాయి. కానీ వడకట్టడానికి శబ్దంలో పై నుంచి కింది దాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసి ఉండాలి. సైరన్ ఏ క్షణంలోనైనా ప్రధానంగా ఒకే స్వరం. దాని మీద ఎత్తైన గోడలకి తగిలి వెనక్కొచ్చే ప్రతిధ్వని, దాని మీద బిగించిన అద్దాలు. మీరు తడబడ్డారంటే ఆశ్చర్యం ఏముంది?

ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో డెబొరా వితింగ్టన్ అనే శాస్త్రవేత్త 1990ల్లో దీనికి ఒక పరిష్కారం చూపించారు. స్టేషన్ అందని రేడియోలో ‘ష్ష్ష్’ అని వస్తుందే, ఆ శబ్దంలో అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉంటాయి. సైరన్ మధ్య మధ్యలో ఆ ‘ష్ష్’ని తునకలుగా కలిపితే జనం దిక్కు చప్పున కనిపెట్టేస్తారని ఆవిడ చూపించారు. లారీలు వెనక్కి వచ్చేటప్పుడు ‘బీప్ బీప్’కి బదులు ‘ష్ ష్ ష్’ అనడం కొన్ని చోట్ల విని ఉంటారు, అదీ ఈ సూత్రమే. ఇంత తేలికగా పనిచేసే ఉపాయం ప్రతి అంబులెన్స్‌లోనూ ఎందుకు లేదో అని నాకు నిజంగా బాధ. ఇందాక మాస్టారికి చెప్పిన అలవాటు సమస్య ఇక్కడా ఉంది, ‘ష్ష్’ ఒక్కటే వినిపిస్తే జనం అది సైరన్ అనుకోరు. అందుకే కలిపి వాడాలి.

ఇంకో దారి కూడా ఉంది. బరువైన కింది స్వరాలు కారు అద్దాల్లోంచి, తలుపుల్లోంచి సులువుగా దూరతాయి. ఫెడరల్ సిగ్నల్ అనే అమెరికా కంపెనీ 2007లో ‘రంబ్లర్’ అని ఒకటి తెచ్చింది. మామూలు సైరన్‌తో పాటు అదే బాణీని బాగా కింది స్వరంలో మోగిస్తుంది. అది చెవికి వినపడటమే కాదు, సీటులో, స్టీరింగ్‌లో అదురు కూడా తెలుస్తుంది. దిక్కు చెప్పదు గానీ, పాటలు పెట్టుకున్నవాళ్లని లేపుతుంది.

మీరు చేయాల్సింది చెబుతాను. సైరన్ వినపడగానే పాటలు ఆపేసి, అద్దం కొంచెం దించండి. చెవిని నమ్మకండి, మూడు అద్దాల్లోనూ లైట్ల కోసం చూడండి. ఎటునుంచి వస్తోందో తేలేదాకా హఠాత్తుగా బ్రేకు వేయొద్దు, పక్క లైన్‌లోకి దూకొద్దు, వేగం తగ్గించి మీ దారిలో మీరు నిదానంగా ఉండండి. వెనక ఉన్న డ్రైవర్ మీరు ఏం చేయబోతున్నారో ఊహించుకుంటూ వస్తుంటాడు, ఆయన ఊహ తప్పకుండా చూడటమే పెద్ద సాయం.

ప్రశ్న: అంబులెన్స్ మన పక్కనుంచి దాటగానే సైరన్ స్వరం ఒక్కసారి దిగిపోతుంది. డ్రైవర్ తగ్గిస్తాడా? (తొమ్మిదో తరగతి విద్యార్థి)

జవాబు: డ్రైవర్ ఏమీ చేయడు బాబూ, లోపల ఉన్నవాళ్లకి ఆ తేడా తెలియనే తెలియదు. దీన్ని 1842లో క్రిస్టియన్ డాప్లర్ లెక్క కట్టి చెప్పాడు. బండి మనవైపు వస్తుంటే శబ్దపు అలలు ముందుకి నొక్కుకుపోయి స్వరం పెరుగుతుంది, దూరం పోతుంటే సాగిపోయి తగ్గుతుంది. 1845లో నెదర్లాండ్స్‌లో బైస్ బాలో అనే శాస్త్రవేత్త దీన్ని తేల్చడానికి రైలు మీద బాకాలు ఊదేవాళ్లని ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్నవాళ్లని నిలబెట్టి పరీక్షించాడు. నీకు ఒక లెక్క: జపాన్ అంబులెన్స్ పై స్వరం 960 హెర్ట్జ్. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే అది నీకు సుమారు 1009గా వినిపిస్తుంది, దాటిపోయాక 915గా. మొత్తం పది శాతం తేడా, ఒక స్వరం మెట్టుకి కొంచెం తక్కువ. శబ్దవేగం సెకనుకి 343 మీటర్లు పెట్టుకుని నువ్వే చేసి చూడు.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్లు. సైరన్ వింటే చెవులు మూసుకుని ఏడుస్తుంది. అంత భయం పుట్టించేలాగే ఉండాలా? కొన్నిసార్లు లైట్లు మాత్రమే వేసుకుని నిశ్శబ్దంగా పోతుంటాయి, మరి అలాగే ఎప్పుడూ పోవచ్చు కదా? (ఒక తల్లి)

జవాబు: రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. జర్మనీ చట్టం దీన్ని చాలా తేటగా చెప్పింది: నీలం లైటు, హారన్ రెండూ కలిస్తేనే ‘వెంటనే దారి వదలండి’ అనే ఆజ్ఞ. లైటు ఒక్కటే అయితే అది హెచ్చరిక మాత్రమే, తప్పుకోవాల్సిన బాధ్యత అవతలివాళ్ల మీద పడదు. అందుకే అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద కూడా ఎర్ర సిగ్నల్ దాటాలంటే అక్కడి డ్రైవర్ హారన్ మోగిస్తాడు, నిద్ర చెడినవాళ్లు తిట్టుకున్నా సరే. ఆ శబ్దం లేకుండా అవతలివాళ్లని దారి వదలమనే హక్కు ఆయనకి లేదు.

అయితే ప్రతి ప్రయాణానికీ సైరన్ అక్కర్లేదన్నది కూడా నిజం. రోగి పరిస్థితి నిలకడగా ఉంటే మెల్లగా, నిశ్శబ్దంగా తీసుకెళ్లడమే మేలు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో ఒక ఊళ్లో లెక్క తీసి 1995లో ప్రచురించారు: లైట్లు, సైరన్ వేసుకుని ఆసుపత్రికి వెళ్తే మిగిలిన సమయం సగటున 43.5 సెకన్లు. ఊపిరి ఆగిపోతున్న మనిషికి అది చాలా ఎక్కువ, కాలు విరిగిన మనిషికి ఏమీ కాదు. మా అమ్మని తీసుకెళ్తున్నప్పుడు నేను ఆ బండిలో కూర్చున్నాను. బయట నిలబడి వినేటప్పుడు ఎవరికో సాయం వెళ్తోంది అనిపించే శబ్దం, లోపల స్ట్రెచర్ పక్కన కూర్చుని వింటే గుండెల్లో గుచ్చుతుంది, రోగికి కూడా అంతే. సైరన్ లేకుండా పోతున్న అంబులెన్స్‌ని చూసి ‘అర్జెంటు లేదులే’ అనుకోకండి, లోపలి మనిషిని కుదుటపరచడానికే అలా పోతుండొచ్చు. వీలైతే దారి ఇవ్వండి.

ఇక భయం సంగతి. మీలాగే ఆలోచించిన దేశం జపాన్. 1970కి ముందు అక్కడ అంబులెన్స్ కూడా పోలీసు బండి, ఫైరింజన్ లాగే ‘ఊఊఊ’ అని ఊళ వేసేది. ఆ సంవత్సరం అంబులెన్స్‌కి వేరే శబ్దం తెచ్చారు. ముందు 960 హెర్ట్జ్, తర్వాత 770, 1.3 సెకన్లకోసారి ఆ జత తిరిగి తిరిగి వస్తుంది. మన స్వరాల్లో అది దాదాపు అంతర గాంధారం, షడ్జమం: ‘గ-స, గ-స’. అక్కడి పిల్లలు ‘పీపో-పీపో’ అంటారు. ఊళలో ఎక్కుడు దిగుడు వల్ల పుట్టే గుబులు ఇందులో లేదు, రెండు మెట్ల మీద నిలకడగా నడుస్తుంది. మెత్తగా ఉందని వినపడదని అనుకోకండి, బండి ముందు 20 మీటర్ల దగ్గర 90 నుంచి 120 డెసిబెల్స్ మధ్య ఉండాలని నిబంధన. ఇళ్ల మధ్య రాత్రిపూట తగ్గించి మోగించే వీలున్న సైరన్లు కూడా తర్వాత వచ్చాయి. కాబట్టి భయపెట్టకుండా హెచ్చరించడం సాధ్యమే, ఒక దేశం యాభై ఏళ్లకు పైగా చేసి చూపిస్తోంది.

పాపకి చెవులు మూసుకోనివ్వండి, తప్పేం లేదు, చిన్న చెవులకి అది నిజంగానే ఎక్కువ. శబ్దం దూరంగా ఉన్నప్పుడే ‘అదిగో, డాక్టర్ దగ్గరికి ఎవర్నో తీసుకెళ్తున్నారు’ అని చెప్పి, ఇద్దరూ కలిసి దాన్ని నోటితో అనుకరించండి. నోటితో అనేసిన శబ్దం అంటే పిల్లలకి భయం చాలావరకు పోతుంది. ‘కుయ్ కుయ్’ అయ్యాక ‘పీపో-పీపో’, తర్వాత ‘పిన్-పోన్’, ఆ తర్వాత ‘తాతూ-తాతా’ నేర్పండి. జపాన్ ఫైరింజన్ గురించి కూడా చెప్పండి, అది పాపకి తప్పకుండా నచ్చుతుంది. మంటలార్పడానికి పోయేటప్పుడు అది సైరన్‌తో పాటు ‘కన్-కన్-కన్’ అని గంట కూడా కొట్టుకుంటూ పోతుంది. తిరిగొచ్చేటప్పుడు సైరన్ ఉండదు, గంట ఒక్కటే వినిపిస్తుంది. అది వింటే వీధిలో వాళ్లకి తెలుస్తుంది, మంట ఆరిపోయిందని.